హద్దులు గీసింది ఎవరికి?

లేవీయకాండం 18వ అధ్యాయాన్ని మన సంఘాల్లో ఆడపిల్లలకు బుద్ధి చెప్పడానికి చదువుతారు. కానీ అది చెప్పింది మగవాడికి. తల్లి, సవతి తల్లి, అక్కచెల్లెలు, మనవరాలు, మేనత్త, పినతల్లి, కోడలు, అన్నదమ్ముల భార్య - వీళ్ళ జోలికి పోవద్దని ఆ జాబితా పొడుగునా శాసించేది ఇంటి మగవాణ్ణే. ఒకే చోట కలిసి బతికే పెద్ద కుటుంబంలో స్త్రీలకు ప్రమాదం ఎటునుంచి వస్తుందో ఆ శాసనం రాసినవాళ్ళకు తెలుసు. తెలియనట్టు నటిస్తున్నది మనమే.

దొర్నిపాడు, ఆళ్లగడ్డ వైపు పల్లెల్లో క్రైస్తవ స్త్రీలతో మాట్లాడినప్పుడు నాకు పదే పదే వినబడిన మాట ‘పరువు’. ఏ పిల్ల ఎవరితో నవ్వింది, ఏ కోడలు ఒంటరిగా నంద్యాల బస్సెక్కింది అన్నీ సంఘపెద్దలకు తెలుసు. బావగారి చెయ్యి ఎక్కడ పడిందో మాత్రం తెలియదు. తెలిసినా ప్రార్థన చేసి సర్దేస్తారు. ‘ఇంటిగుట్టు లంకకు చేటు’ అంటుంది అత్తగారు. గడపకు పసుపు రాయడం కూడా అన్యాచారమనే ఇంట్లో రామాయణం ఈ ఒక్క సందర్భానికి పనికొస్తుంది!

ఆ అధ్యాయంలో మన తెలుగు బైబిలు వాడిన మాట ‘మానాచ్ఛాదనము’. హీబ్రూ మూలంలో ఉన్నది నగ్నత్వం అనే అర్థమిచ్చే మాట. తెలుగులోకి వచ్చేసరికి దానికి మానం తోడైంది. మన వాడుకలో మానం పోయేది ఎప్పుడూ స్త్రీదే, తీసినవాడిది కాదు. నిషేధం మగవాడి మీద ఉంటే, నింద స్త్రీ మీదికి జారింది.

ఇక పెళ్ళి వరసలు. నంద్యాల ప్రాంతంలో వేళ్ళూనుకున్న ఆంగ్లికన్ సంఘపు ప్రార్థన పుస్తకంలో పెళ్ళాడకూడని బంధువుల పట్టిక ఒకటుంది. 16వ శతాబ్దంలో ఆర్చిబిషప్ పార్కర్ తయారుచేసినది. దాని ప్రకారం అక్కకూతురు నిషిద్ధం. మనకది మేనమామ హక్కు. పెదనాన్న కొడుకు నిషిద్ధం కాదు, మనకతను అన్న. బైబిల్లో యాకోబు చేసుకున్నది మేనమామ లాబాను కూతుళ్ళను. అమ్రాము ఏకంగా తన మేనత్తనే చేసుకున్నాడు. సెలోపెహాదు కూతుళ్ళు తండ్రి అన్నదమ్ముల కొడుకులనే చేసుకోవలసి వచ్చింది, భూమి గోత్రం దాటిపోకూడదని. దేవుడు గీసిన హద్దు అంటున్నదాని వెనక ఇంత పొలం, ఇంత వారసత్వం ఉన్నాయి. వరసలు లెక్కగట్టడంలో మనవాళ్ళు మహాపండితులు. ఆ పిల్ల ఒప్పుకుందా అనే గడి మాత్రం ఏ పట్టికలోనూ లేదు.

చట్టమూ ఇలాగే నడిచింది. 1869 నాటి విడాకుల చట్టం ప్రకారం క్రైస్తవ భర్తకు భార్య వ్యభిచారం ఒక్కటి చాలు. భార్యకు చాలదు. భర్త వ్యభిచారంతో పాటు క్రూరత్వాన్నో, రెండేళ్ళు వదిలేసి పోవడాన్నో, అలాంటి మరో నేరాన్నో రుజువు చెయ్యాలి. లేదా అతని సంబంధం వావివరసలు తప్పినదని చూపాలి. అంటే ఇంట్లో మరదలి మీదో మేనకోడలి మీదో జరిగిన ఘోరం ఆ చట్టం కళ్ళకు వ్యభిచారం మాత్రమే. ఇంకొకరి విడాకులకు సాక్ష్యం. ఆ పిల్ల గోడు ఎక్కడుంది? 1995లో కేరళ హైకోర్టు ఈ వివక్షను తప్పుపట్టింది. పార్లమెంటు సవరించింది 2001లో. 132 ఏళ్ళు పట్టింది.

రెండవ సమూయేలు 13వ అధ్యాయం మీద ప్రసంగం నేను ఏ గుడిలోనూ వినలేదు. తామారును అన్న అమ్నోను చెరిచాడు. ఉపాయం చెప్పింది పెదనాన్న కొడుకు యోనాదాబు. ఆమెను ఆ ఇంటికి పంపింది తండ్రి దావీదు. తెలిశాక తండ్రికి కోపం వచ్చింది, అంతే, శిక్ష లేదు. మరో అన్న అబ్షాలోము ఊరుకోమన్నాడు, రెండేళ్ళకు పగ తీర్చుకున్నాడు. అది ఆమె కోసమా, తన పరువు కోసమా? తామారు మాత్రం తలమీద బూడిద పోసుకుని, బట్టలు చింపుకుని, దారి పొడుగునా ఏడుస్తూ వెళ్ళింది. ఇంటిగుట్టు దాచలేదు. ఆమెను మన ఆదివారపు బడిలో పిల్లలకు ఎందుకు చెప్పరు?

‘ఊళ్ళో పెద్దకులాలు మా ఆడవాళ్ళను ఎన్నడూ మానమున్న మనుషులుగా చూడలేదు. సంఘంలో కాస్త గౌరవం దొరికింది, పోలీసుల దాకా పోయి దాన్నీ పోగొట్టుకోమంటారా’ అని దళిత క్రైస్తవ స్త్రీలే అడుగుతారు. ఈ ప్రశ్నను కొట్టిపారేసే హక్కు నాకు లేదు. ఆ బాధ నిజం. కానీ ఆ గౌరవానికి శిస్తు పన్నెండేళ్ళ పిల్ల దగ్గర వసూలు చేస్తున్నారు. నేరం చేసినవాడు ఆదివారం ముందు వరసలోనే కూర్చుంటున్నాడు.

2012 పోక్సో చట్టం ప్రకారం 18 ఏళ్ళలోపు పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు. పాస్టరుకు మినహాయింపు లేదు. అత్యాచారం చేసినవాడు బంధువైతే శిక్ష మరింత పెరుగుతుంది. కనుక ఇటువంటి కేసు మన దగ్గరికి వచ్చినప్పుడు మొదటి రోజే పిల్లను ఆ ఇంటినుంచి బయటికి తేవాలి, ఆమె తల్లికి తోడు నిలవాలి, రాజీ కుదిర్చిన పెద్దల పేర్లను కూడా ఫిర్యాదులో రాయించాలి.