కాన్పుతో తీరిపోదు

సంపాదకులకు,

గర్భిణుల బీపీ గురించి మీరు వేసిన వ్యాసంలో ‘కాన్పయితే అదే తగ్గిపోతుంది’ అన్న మాట సగమే నిజం. కాన్పు తర్వాత 3 నుంచి 6 రోజుల మధ్య బీపీ మళ్లీ పెరగడం తరచూ జరిగేదే. నా అసలు బెంగ గుండె గురించి. ప్రీఎక్లాంప్సియా (గర్భిణుల్లో బీపీ పెరిగే జబ్బు) వచ్చినవాళ్లలో, నెలలు నిండే వేళ నుంచి కాన్పయిన 5 నెలల దాకా గుండె కండరం బలహీనపడే ముప్పు ఎక్కువ. మా కోడలికి అదే జరిగింది: వెల్లకిలా పడుకుంటే ఆయాసం, రాత్రిళ్లు దగ్గు. ‘పచ్చి బాలింత, నీరసం ఉండదా’ అని తనతో నేనూ అన్నాను, ఒప్పుకుంటున్నా. ఎకో తీస్తే గుండె పంపింగ్ 35 శాతమే ఉంది! మందులతో కోలుకుంది. ప్రీఎక్లాంప్సియా వచ్చినవాళ్లకు ఏళ్లు గడిచాక కూడా గుండెజబ్బు ముప్పు సుమారు రెట్టింపట. డిశ్చార్జి కాగితంలో ఈ ముక్క లేదు. మీ వ్యాసంలోనూ లేదు.

— ఒక అత్తగారు, తెనాలి