పని మనది, టెండరు ఇంకొకరిది

సెంట్రింగు, వెల్డింగు, టైల్సు, రంగులు. సికింద్రాబాదులో ఏ ప్రభుత్వ భవనం లేచినా ఈ పనుల్లో మన మేస్త్రీల చేయి ఉంటుంది. రాణీగంజ్ దుకాణాల్లో అప్పుకు సామాను తెచ్చి పని ముగిస్తారు. బిల్లు మాత్రం మరొకరి పేరున అవుతుంది.

2003 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ-ప్రొక్యూర్‌మెంట్‌ను ప్రారంభించింది. అంతకుముందు షెడ్యూలు కొనడానికి ఇంజినీరు కార్యాలయానికి పోవలసి వచ్చేది. ఎవరు కొన్నారో పెద్ద కాంట్రాక్టర్లకు తెలిసిపోయేది, రింగయ్యేవారు. టెండరు పెట్టె దగ్గర మనుషులను నిలబెట్టి చిన్నవాడిని వెనక్కి పంపిన రోజులవి. ఆ కాపలా పోవడం మనకు మేలే. కంప్యూటరు వచ్చి పేదవాడి పని లాక్కుందనే వాదనను మేము అంగీకరించం.

పెట్టె పోయినా అర్హత నిబంధనలు పోలేదు. మన ఊళ్లో దక్షిణ మధ్య రైల్వే పనులకు ఒక పోర్టల్, రాష్ట్ర శాఖలకు ఇంకొకటి, సైనిక నిర్మాణాలకు వేరొకటి. ప్రతిచోటా నమోదు, పాన్, జీఎస్టీ, డిజిటల్ సంతకం, ధరావతు కావాలి. ఇవన్నీ నెల రోజుల్లో సమకూర్చుకోవచ్చు. సమకూరనిది అనుభవ పత్రం. ఇరవై ఏళ్లు సబ్ కాంట్రాక్టు చేసినవాడికి ఇంజినీరు సంతకంతో చూపడానికి ఒక్క కాగితమూ ఉండదు. నోటిమాట మీద పని, చేతికి నగదు. కంప్యూటరు దృష్టిలో అతడు ఇటుక కూడా పేర్చలేదు.

కాబట్టి సిద్ధపడటమంటే ల్యాప్‌టాప్ కొనడం కాదు. సబ్ కాంట్రాక్టుకు రాతపూర్వక ఒప్పందం అడగాలి, సొమ్ము బ్యాంకు ద్వారా తీసుకోవాలి, కోసిన టీడీఎస్ తన పాన్‌లో పడిందో లేదో చూసుకోవాలి. శాఖల్లో అట్టడుగు తరగతి కాంట్రాక్టరుగానైనా నమోదై, చిన్న పనితో సొంత పేరు మొదలుపెట్టాలి.

ఇంకొక ప్రమాదం ఉంది. డిజిటల్ సంతకం టోకెనునూ, దాని పిన్‌నూ ఇంటర్నెట్ సెంటరు కుర్రవాడి దగ్గర వదిలేయడం మనవాళ్లలో మామూలైంది. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం ఆ సంతకాన్ని చేతిరాత సంతకంతో సమానం చేసింది. ఖాళీ చెక్కుపై సంతకం చేసి బజారులో వదులుతామా? ఇంట్లో డిగ్రీ చదివిన కూతురు ఉంటే ఆ పని ఆమెకు నేర్పించండి. తండ్రి లెక్క ఆమెకన్నా భద్రంగా ఎవరు చూస్తారు?

కర్ణాటక శాసనసభ 2025 మార్చిలో ప్రభుత్వ కాంట్రాక్టుల్లో ముస్లింలకు నాలుగు శాతం కేటాయిస్తూ బిల్లు ఆమోదించింది; గవర్నరు దానిని రాష్ట్రపతి పరిశీలనకు నివేదించారు. అటువంటి హక్కు ఇక్కడ కూడా కోరదగినదే. అయితే కోటా వచ్చిన నాడు కూడా బిడ్ వేయవలసింది ఆ పోర్టల్‌లోనే. పేరు మాత్రం మనది, పెట్టుబడీ లాభమూ ఇతరులవి అయ్యే బినామీ దారి అప్పుడు తెరుచుకుంటుంది.

మైనారిటీ ఆర్థిక సంస్థ ధరావతుకు, డిజిటల్ సంతకానికి చిన్న రుణాలివ్వాలనీ, శిక్షణ తెలుగు, ఉర్దూ భాషల్లో జరపాలనీ మేము కోరుతున్నాం. అంతవరకు ప్రతి మసీదు కమిటీ తన బస్తీలోని మేస్త్రీల, చిన్న కాంట్రాక్టర్ల జాబితా రాసి, ఎవరికి ఏ కాగితం కొరవడిందో పక్కన గుర్తుపెట్టవచ్చు. ఆ పనికి ఏ ప్రభుత్వ ఉత్తర్వూ అక్కరలేదు.