జీతం లేని పాలేరుకు కూడైనా పెట్టండి

కొట్టిన మందే మళ్ళీ కొట్టినా పురుగు చావకపోతే మందు కల్తీదంటాం. కావచ్చు. పురుగు ఆ మందుకు అలవాటు పడి ఉండొచ్చు కూడా. మూడో కారణం మాత్రం మన కాళ్ళ కిందే ఉంది.

ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ మడుల్లో డయాజినాన్ మందును పదే పదే వేశారు. మొదట నిలిచిన మందు రానురాను త్వరగా మాయమైపోసాగింది. మడిలోని బాక్టీరియా దాన్ని విడగొట్టి తిండిగా వాడుకుంటోందని తేలింది. ఆ ఫ్లేవోబాక్టీరియం గురించి సేతునాథన్, యోషిదా అనే శాస్త్రవేత్తలు 1973లో ప్రకటించారు. పారాథియాన్‌ను కూడా అది విడగొట్టింది.

దీన్నిబట్టి ఒకే మందు వరసగా వాడితే డబ్బు దండగ కావచ్చు. విషాన్ని విరిచే శక్తి కొంత నేలకే ఉందనీ తెలుస్తోంది. అలాగని ఎంత పోసినా నేల మింగేస్తుందనుకోవద్దు. డి.డి.టి. ఏళ్ళ తరబడి మట్టిలో ఉంటుంది. 2011లో సుప్రీంకోర్టు నిషేధించిన ఎండోసల్ఫాన్ నేలలో మారి ఎండోసల్ఫాన్ సల్ఫేటు అవుతుంది. అదీ విషమే.

పైరుకు చాకిరీ చేసే బాక్టీరియా కూడా ఈ మట్టిలోనే ఉంది. డి.ఏ.పి., సూపర్ వేస్తే అందులో చాలా భాస్వరం మట్టిలో బిగుసుకుపోతుంది. సూడోమోనాస్, బాసిల్లస్ రకాలు కొన్ని ఆమ్లాలు వదిలి దాన్ని కరిగించి వేళ్ళకు అందిస్తాయి. ఇవి జీతం అడగని పాలేర్లు. కూడు మాత్రం కావాలి. పశువుల పెంట, ఆకు, అలమే వాటి కూడు.

మనం చేస్తున్నదేమిటి? పశువులను అమ్ముకున్నాం. మోళ్ళు తగలబెడుతున్నాం. ఆపైన ఫాస్ఫోబాక్టీరియా ప్యాకెట్టు కొని చల్లి, ఫలితం లేదంటున్నాం. పస్తున్న నేలలో కొత్త పాలేరు మాత్రం ఎన్నాళ్ళుంటాడు?

ప్యాకెట్టు కొంటే గడువు తేదీ చూడండి. ఎండలో పెట్టి అమ్మేది తీసుకోవద్దు. అందులో ఉన్నది ప్రాణి. ఎకరాకు 2 కిలోలు, 100 కిలోల చివికిన పెంటలో కలిపి, తడి చల్లి నీడన ఉంచి, సాయంత్రం పూట పదునున్న నేలలో వేయండి. యూరియా, డి.ఏ.పి.లతో కలపొద్దు.

పెంట లేనివాళ్ళు తొలకరికి జీలుగో జనుమో చల్లి, పూతకు రాగానే కలియదున్నండి. పొలమంతా వద్దు, అర ఎకరంలో చేసి చూడండి. పక్క చేనుతో పోల్చి, ఆ తర్వాత మీరే చెప్పండి.