మావోడు గిట్ల నవ్వకపోతుండె

కరీంనగర్‌లో మా చిన్నమ్మ బీరువాలో ఒక ఫోటో ఉంది. ఇరవై ఒకటో రోజు నాడు తీయించింది. బుగ్గ మీద దిష్టి చుక్క, బిగించిన పిడికిళ్లు, ఎటో చూస్తున్న కళ్లు. ఆ పిల్లగాడికి రెండో నెల నిండలేదు. బతికుంటే నాకు అన్న అయ్యేవాడు. వాడు ఉండేనని చెప్పేందుకు మిగిలింది ఆ ఫోటో ఒక్కటే.

మొన్న పండక్కి వచ్చిన మా మేనల్లుడు దాన్ని ఫోన్‌తో తీసి ఏదో ఏఐ యాప్‌లో వేసిండు. కాసేపటికి కొన్ని సెకన్ల వీడియో వచ్చింది. పిల్లగాడు తల తిప్పిండు, చెయ్యి ఊపిండు, కిలకిలా నవ్విండు. మేమంతా "అబ్బ!" అన్నాం. చిన్నమ్మ రెండుసార్లు చూసి ఫోన్ పక్కన పెట్టింది.

"ఎవల పోరడురా గీడు? మావోడు గిట్ల నవ్వకపోతుండె. వానికింకా నవ్వుడే రాలే."

ఆమెకు జ్ఞాపకం ఉన్నది నిజమే. పిల్లలు ఎదుటి మనిషిని చూసి నవ్వడం ఆరు వారాల ప్రాంతంలో మొదలవుతుంది. గొంతు విప్పి కిలకిలలాడటానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. ఇరవై ఒక్క రోజుల బిడ్డ ఎవరికీ టాటా చెప్పడు. యంత్రానికి ఇవన్నీ పట్టవు. లెక్కలేనన్ని వీడియోల నుంచి నేర్చుకుని, ఇలాంటి మొహానికి ఎలాంటి కదలిక నప్పుతుందో అంచనా కట్టి ఫ్రేములు పూరిస్తుంది. అంటే ఆ నవ్వు ఎక్కడెక్కడి పిల్లల నవ్వులకో సగటు. దానికి మావాడి మొహం తొడిగారు, అంతే.

"ఓదార్పే కదా, తప్పేముంది?" అంటారు. 2021 ఫిబ్రవరిలో మైహెరిటేజ్ సంస్థ 'డీప్ నోస్టాల్జియా' తెచ్చినప్పుడు, ఫోటోల్లో తాతమ్మలు కళ్లు ఆర్పితే చూసి ఎందరో ఏడ్చారు. ఆ ఏడుపును నేను వెక్కిరించను. కానీ దుర్వినియోగం అవుతుందన్న భయంతో ఆ సంస్థే అప్పుడు మాటలు పెట్టలేదు. ఆ మాత్రం జంకు కూడా ఇప్పుడు లేదు. మాట, పాట, డాన్సు అన్నీ దొరుకుతున్నాయి.

ఫోటో కూడా అబద్ధమే కదా అని ఇంకొందరి వాదన. కాదు. ఫోటో తక్కువ చెప్తుంది, తెలియనిదాన్ని తెలియనట్టే వదిలేస్తుంది. ఆ ఖాళీలో తల్లి తన బిడ్డను తలుచుకుంటుంది. వీడియో ఆ ఖాళీనే ఆక్రమిస్తుంది. పదిసార్లు చూస్తే అసలు జ్ఞాపకం ఏదో, యాప్ ఇచ్చింది ఏదో తేడా తెలియదు.

ఇది ఒక్క ఇంటి గొడవ కూడా కాదు. 1940ల్లో హైమెండార్ఫ్ ఆదిలాబాద్ అడవుల్లో, మార్లవాయిలో ఉండి గోండుల జీవితాన్ని ఫోటోలు తీశాడు. ఆయన సేకరణ లండన్‌లోని సోయాస్‌లో ఉంది. రేపు ఎవరో ఆ ఫోటోల్లోని పిల్లలను కదిలిస్తారు. ఆ గూడెం పిల్లలు ఎట్ల నడిచారో, ఏ ఆట ఆడారో మోడల్‌కు ఏం తెలుసు? తనకు తెలిసిన నడకే వాళ్లకు అంటగడుతుంది. ఇంకో తరం దాన్నే చరిత్ర అనుకుంటుంది. తమ గురించి ఎప్పుడూ బయటివాళ్లే చెప్పగా విన్న జనం మీద ఇది ఇంకో దెబ్బ.

బతికున్న పిల్లల సంగతి మరీ అన్యాయం. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం పద్దెనిమిదేళ్ల లోపువారి డేటా వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది. తల్లిదండ్రులే ఉత్సాహంగా అప్‌లోడ్ చేస్తుంటే బిడ్డ తరఫున అడ్డుపడేదెవరు? చనిపోయిన బిడ్డనైతే ఎవరూ అడగనే అడగరు.

కనీసం తల్లిని అడగండి. చేసిన వీడియోను అసలు ఫోటోల పక్కన ఆల్బంలో కలపకండి. ఇది జరగలేదని దాని మీదే రాయండి.

చిన్నమ్మ చెప్పగానే మా మేనల్లుడు వీడియో డిలీట్ చేసిండు. "యాప్ వాళ్ల దగ్గర మన పిల్లగాని ఫోటో ఉంటదా?" అని ఆమె అడిగింది. వాడు జవాబు చెప్పలేదు.