ప్రసూతి వార్డులోనే నేర్చుకోండి

ప్రశ్న: మా అమ్మాయిని తొలి కాన్పుకు తీసుకువచ్చాము. ఆస్పత్రిలో రెండు మూడు రోజులే ఉంచుతారట. తరువాత బిడ్డను చూసుకోవలసింది నేనే. నా కాన్పులన్నిటికీ మా అమ్మే చేసింది. ఆస్పత్రిలో ఉండగా ఏమేమి తెలుసుకోవాలి?
— ఒక తల్లి, తెనాలి

జవాబు: చాలామందికి సందేహాలన్నీ ఇంటికి చేరాకే వస్తాయి. మీరు ముందే అడగడం మంచిదయింది. నర్సు చెప్పినది విని ఊరుకోకుండా, ఆమె ఎదుటనే మీరూ, మీ అమ్మాయీ ఒకసారి చేసి చూపించండి.

పాలు: పుట్టిన గంటలోపే బిడ్డకు రొమ్ము పట్టించాలి. మొదట వచ్చే చిక్కని ముర్రుపాలు పారబోయవద్దు. రోగాలను ఎదుర్కొనే శక్తి వాటిలో ఉంది. తేనె, పంచదార నీళ్ళు, ఆముదం ఏవీ నాకించకండి. ఆరు నెలలదాకా మంచినీళ్ళు కూడా అక్కరలేదు. చనుమొన ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న నల్లని భాగం కూడా చాలావరకు బిడ్డ నోట్లోకి పోవాలి. అయిదో రోజునుంచి రోజుకు కనీసం ఆరుసార్లు మూత్రం పోస్తుంటే పాలు చాలుతున్నట్టే. మొదటి రోజుల్లో బరువు కొంచెం తగ్గినా కంగారుపడకండి. రెండు వారాల్లో తిరిగి వస్తుంది.

బొడ్డు: పసుపు, బూడిద, నూనె, పౌడరు ఏదీ రాయవద్దు. పొడిగా ఉంచితే దానంతటదే ఊడిపోతుంది. పూర్వం ఎందరో పసికందులను పొట్టన పెట్టుకున్న ధనుర్వాతం ప్రవేశించింది ఈ దారినే. చుట్టూ ఎర్రబడినా, చీము కారినా డాక్టరుకు చూపించాలి.

వెచ్చదనం: మొదటి 24 గంటలు స్నానం వద్దు. పొట్ట వెచ్చగా, పాదాలు చల్లగా ఉంటే బిడ్డకు చలి వేస్తున్నట్టు. బరువు రెండున్నర కిలోలకు తక్కువైతే, తల్లి రొమ్ముల మధ్య ఒంటికి ఒళ్ళు ఆనేటట్టు పడుకోబెట్టే పద్ధతి అడిగి నేర్చుకోండి. 1978లో కొలంబియాలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక మొదలైన ఈ ‘కంగారూ’ పద్ధతి ఎందరో బిడ్డలను బ్రతికించింది.

కామెర్లు: రెండు మూడు రోజులకు ముఖం కాస్త పచ్చబడడం మామూలే. పుట్టిన 24 గంటల్లోపే పచ్చబడినా, పసుపు అరచేతులకూ అరికాళ్ళకూ పాకినా ఆలస్యం చేయకండి. ముదిరితే మెదడు దెబ్బతింటుంది. ఎండలో పెట్టడం, పసరు పోయడం దీనికి వైద్యం కాదు. ఆస్పత్రిలో నీలికాంతి దీపాల కింద ఉంచి తగ్గిస్తారు.

ఇంటికి బయలుదేరే ముందు బి.సి.జి., పోలియో చుక్కలు, హెపటైటిస్-బి టీకా, విటమిన్-కె ఇంజక్షన్ పడ్డాయో లేదో కార్డులో చూసుకోండి.

బిడ్డ పాలు తాగడం మానేసినా, నిమిషానికి 60 సార్లకు మించి ఊపిరి తీస్తున్నా, డొక్కలెగరేస్తున్నా, ఒళ్ళు కాలినా, చల్లబడినా, ఫిట్సు వచ్చినా, లేపినా కదలక మగతగా ఉన్నా తెల్లవారేదాకా ఆగవద్దు. 108కి ఫోన్ చేయండి. దారిలోనూ బిడ్డను తల్లి గుండెలకు ఆనించి వెచ్చగా ఉంచండి. పురిటిలో బయటికి వెళ్ళరాదన్న పట్టింపు ఇక్కడ పనికిరాదు.

మీ అమ్మాయికి సుఖప్రసవం కావాలని కోరుతున్నాము.