అద్దమున్న కెమెరా – అద్దంలేని కెమెరా



ఈ నెల నా బల్ల మీద ఒక ఉత్తరం ఉన్నది. వ్రాసినది గుంటూరు జిల్లాలో తొమ్మిదో తరగతి చదువుతున్న ఒక అమ్మాయి. వాళ్ళ ఊరికి దగ్గరలోనే ఉప్పలపాడు చెరువు ఉన్నది. ఆ చెరువులోని చెట్ల మీద గూడకొంగలూ, ఎర్రకాళ్ళ కొంగలూ వచ్చి గూళ్ళు పెడతాయని మీలో కొందరికి తెలిసే ఉంటుంది. ఆ పక్షులను ఫోటోలు తీయాలని ఈ అమ్మాయి కోరిక.

వాళ్ళ నాన్నగారు చీటీ పాడి కొంత డబ్బు సిద్ధం చేశారు. ఆ డబ్బు పెడితే మిర్రర్‌లెస్ అనే కొత్తరకం కెమెరా, దానితోపాటు ఒక చిన్న లెన్సు వస్తాయి. తెలిసినవారొకరు తాము వాడుకున్న డి.ఎస్.ఎల్.ఆర్. కెమెరాను రెండు లెన్సులతో సహా ఇస్తామంటున్నారు. అది తీసుకుంటే కొంత డబ్బు మిగులుతుంది కూడా. "పాతదానికి పోసిన డబ్బు నీళ్ళలో పోసినట్లవుతుందేమో! మేష్టారిని అడిగి చూడు" అన్నారట నాన్నగారు.

చీటీ పాడిన డబ్బంటే మాటలా? నెలనెలా తిరిగి కట్టుకోవాలి. కాబట్టి ఈ ప్రశ్నకు గబగబా జవాబు చెప్పకూడదు. ముందు ఆ రెండు కెమెరాల కడుపులో ఏమున్నదో చూద్దాం. బేరం సంగతి తరువాత.

అట్టపెట్టెతో ఒక ప్రయోగం

ఒక చెప్పుల అట్టపెట్టె, ఒక భూతద్దం, ఒక చిన్న చేతి అద్దం, నూనె రాసిన తెల్లకాగితం తెచ్చుకోండి. మొదట గదిలో కిటికీకి ఎదురుగా ఉన్న గోడ దగ్గర నిలబడి, భూతద్దాన్ని గోడకు దగ్గరగా పట్టుకొని ముందుకూ వెనక్కూ జరపండి. ఒకచోట కిటికీ అవతలి చెట్టు బొమ్మ గోడ మీద స్పష్టంగా పడుతుంది. అది తలక్రిందులుగా ఉంటుంది. అప్పుడు భూతద్దానికీ గోడకూ మధ్య ఎంత దూరమున్నదో స్కేలుతో కొలవండి. 15 సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం.

ఇప్పుడు పెట్టె ముందు గోడకు రంధ్రం చేసి భూతద్దాన్ని అతికించండి. లోపల చేతి అద్దాన్ని 45 డిగ్రీల వాలుగా నిలబెట్టండి. దాని క్రింది అంచు భూతద్దం వైపు, పై అంచు వెనకవైపు ఉండాలి. అద్దం నడిబొడ్డుకు సరిగ్గా పైన మూతలో కిటికీ కోసి, నూనె కాగితం అతికించండి. భూతద్దం నుంచి అద్దం నడిమికి 10 సెంటీమీటర్లు, అక్కడి నుంచి కాగితానికి 5 సెంటీమీటర్లు ఉంటే మొత్తం 15 అయిందిగదా! తలమీద దుప్పటి కప్పుకొని, పెట్టెను వీధివైపు త్రిప్పి, పైనుంచి కాగితాన్ని చూడండి. చెట్లూ మనుషులూ సినిమాలాగా కనబడతారు. తలక్రిందులుగా కాదు, నిటారుగానే! కాని ఒక చమత్కారమున్నది. కుడివైపు పోయే సైకిలు ఎడమవైపు పోతున్నట్లు కనబడుతుంది.

ఒక్క హెచ్చరిక: ఈ పెట్టెను సూర్యుడివైపు ఎన్నడూ త్రిప్పకండి. కాగితం అంటుకుంటుంది. భూతద్దంలోనుంచి సూర్యుణ్ణి చూస్తే కళ్ళు పోతాయి.

ఈ పెట్టె ఏమిటో తెలుసా? అద్దమున్న కెమెరాకు తాత! నేను అద్దమంటున్నది ముఖం చూసుకునే అద్దాన్ని సుమా, గాజు లెన్సును కాదు. లెన్సు రెండు రకాల కెమెరాలకూ ఉంటుంది.

అద్దమున్న కెమెరా

డి.ఎస్.ఎల్.ఆర్. కెమెరాలో లెన్సు వెనక 45 డిగ్రీల వాలుగా ఒక చిన్న అద్దం ఉంటుంది. లోపలికి వచ్చిన వెలుగును అది పైకి పంపుతుంది. పైన గరుకు గాజు వంటి పలక మీద బొమ్మ పడుతుంది. దానికి పైన గుడిసె కప్పులాగా అమర్చిన గాజు పట్టకమో, చవకరకం కెమెరాలలోనైతే చిన్న అద్దాలో ఉంటాయి. మన పెట్టెలో తారుమారైన కుడి ఎడమలను ఇవి సరిచేసి, బొమ్మను మన కంటికి అందిస్తాయి. మీట నొక్కగానే అద్దం పైకి లేస్తుంది, షట్టరు తెరుచుకుంటుంది, వెలుగు వెనకనున్న సెన్సరు మీద పడుతుంది, అద్దం మళ్ళీ క్రిందికి దిగుతుంది. ఇదంతా కన్నుమూసి తెరిచేలోగా అయిపోతుంది. ఆ "టక్" మనే చప్పుడులో కొంత ఈ అద్దానిదే.

ఫిల్ము రోజులనుంచీ ఉన్న ఏర్పాటే ఇది. 35 మిల్లీమీటర్ల ఫిల్ముతో పనిచేసే ఇటువంటి కెమెరా, కీనె ఎక్సాక్టా అనేది, 1936 లో జర్మనీలో వచ్చింది. 1949 లో కాంటాక్స్ ఎస్ అనే కెమెరా పైన చెప్పిన పట్టకాన్ని తెచ్చింది. అప్పట్లో ఫోటో తీసిన తరువాత అద్దం పైనే ఉండిపోయేది. కన్ను పెడితే అంతా చీకటి. 1954 లో జపానువారి ఒక అసాహిఫ్లెక్స్ కెమెరాలో అద్దం తనంతట తానే వెంటనే దిగడం మొదలుపెట్టింది. ఫిల్ము స్థానంలోకి సెన్సరు వచ్చినా అద్దం మాత్రం ఉండిపోయింది.

అద్దంలేని కెమెరా

ఫిల్ము ఉన్న రోజుల్లో అద్దం తప్పనిసరి. ఎందుకంటే ఫిల్ముకు వెలుగు ఒక్క క్షణమే చూపించాలి. మిగతా సమయమంతా దాన్ని చీకటిలో దాచాలి. మరి ఫోటో తీసేవాడు లెన్సులోనుంచి చూడడం ఎట్లా? వెలుగును ప్రక్కకు మళ్ళించాలి. అందుకే అద్దం.

సెన్సరుకు ఆ బాధ లేదు. దానిమీద మామూలు వెలుగు ఎంతసేపు పడినా పాడుకాదు. కాబట్టి సెన్సరే నిరంతరం చూస్తూ, తను చూసినదాన్ని ఒక చిన్న తెర మీద మనకు చూపిస్తుంది. ఇంక మధ్యలో అద్దమెందుకు? తీసివేశారు! లెన్సులు మార్చుకోవడానికి వీలై, తనంతట ఫోకసు చేసుకునే అటువంటి కెమెరా 2008 లో పానసోనిక్ జి1 అనే పేరుతో వచ్చింది. ఇప్పుడు కంపెనీలు తెస్తున్న కొత్త నమూనాలు దాదాపు అన్నీ ఈ రకానివే.

రెండింటినీ ప్రక్కప్రక్కన పెడితే

ఉదాహరణకు ఒకే కంపెనీవారి రెండు చిన్న కెమెరాలు తీసుకుందాం. 2018 లో వచ్చిన కానన్ 1500డి అద్దమున్నది. 2023 లో వచ్చిన కానన్ ఆర్50 అద్దంలేనిది.

మొదట సెన్సరు. రెండింటిలోనూ అది సుమారు 22 మిల్లీమీటర్ల పొడవు, 15 మిల్లీమీటర్ల వెడల్పు. మొదటిదానిలో 24.1 మెగాపిక్సెళ్ళు, రెండోదానిలో 24.2. అంటే మంచి వెలుగులో, కదలని వస్తువును తీస్తే, ఏ ఫోటో ఏ కెమెరాదో చెప్పడం కష్టం. ఈ మాట బాగా గుర్తుపెట్టుకోండి. అంగడివాడు ముందుగా చెప్పే మాట ఇది కాదు!

బరువు చూడండి. బ్యాటరీతో సహా మొదటిది 475 గ్రాములు, రెండోది 375. నూరు గ్రాముల తేడా. రోజంతా మెడకు తగిలించుకుని తిరిగేవారికి ఇది తెలుస్తుంది.

బ్యాటరీ దగ్గర పాతదే గెలుస్తుంది. దాని కంటిరంధ్రంలో మనం చూసేది నిజమైన వెలుగు. దానికి కరెంటు అక్కరలేదు. రంధ్రంలోనుంచి చూసి తీస్తే ఒక్క ఛార్జికి సుమారు 500 ఫోటోలు వస్తాయి. కొత్తది ఎప్పుడూ తెర వెలిగించుకునే ఉండాలి గనుక వెనక తెర చూస్తూ తీస్తే 370 దాకా వస్తాయి. కంటి దగ్గరి తెర వాడితే ఇంకా తక్కువ. కాబట్టి అద్దంలేనిది కొనేవారు రెండో బ్యాటరీ ఖర్చుకూడా లెక్కలో వేసుకోవాలి.

ఫోకసు విషయంలో కొత్తదానిదే పైచేయి. పాతదానిలో, కంటిరంధ్రంలోనుంచి చూసేటప్పుడు, ఫోకసు చూడడానికి తొమ్మిది చుక్కలే ఉన్నాయి. అవీ నడిమి భాగంలోనే. కొత్తదానిలో సెన్సరే ఫోకసు చూసుకుంటుంది గనుక చట్రంలో దాదాపు ఏ మూలనైనా పట్టుకోగలదు. మనిషి కంటినీ, పక్షి కంటినీ కూడా గుర్తుపట్టి వదలకుండా వెంబడిస్తుంది. మీట నొక్కి పట్టుకుంటే పాతది సెకనుకు మూడు ఫోటోలు తీస్తుంది, కొత్తది పన్నెండు. ఎగిరే కొంగను పట్టాలంటే ఇది గొప్ప సదుపాయమే.

ఇంకొక మేలు: కొత్తదానిలో ఫోటో ఎంత వెలుగుగా వస్తుందో తీయకముందే తెరమీద కనబడుతుంది. చప్పుడు కాకుండా తీసే ఏర్పాటు కూడా ఉన్నది. అయితే అట్లా తీసేటప్పుడు సెన్సరు బొమ్మను వరుస తరువాత వరుసగా చదువుతుంది. అందుచేత గిర్రున తిరిగే ఫ్యాను రెక్కలు వంకరపోయి కనబడతాయి. ఎవరి దగ్గరైనా సెల్‌ఫోను ఉంటే ఈ వింత చూడవచ్చు.

ఇక ఒక చిన్న లెక్క. కానన్ అద్దమున్న కెమెరాలలో లెన్సు తగిలించే చోటుకూ సెన్సరుకూ మధ్య 44 మిల్లీమీటర్లు ఉండాలి, అద్దం లేవడానికి చోటు కావాలిగదా! అద్దంలేనిదానిలో 20 చాలు. తేడా 24 మిల్లీమీటర్లు. ఆ ఖాళీలో ఒక గొట్టం వంటి అడాప్టరు పెడితే, పాత కెమెరా లెన్సులు కొత్త కెమెరాకు సరిపోతాయి. కొత్త లెన్సును పాత కెమెరాకు పెట్టడం కుదరదు. 44 లో 24 తగ్గించడం ఎవరి తరం? కాబట్టి ఈ రోజు పాత లెన్సు కొన్నవారు రేపు కొత్త కెమెరా కొన్నా, ఆ లెన్సు వృథా కాదు.

మా బడిలోని కెమెరా

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. నేను హెడ్‌మాష్టరుగా ఉన్న రోజుల్లో పూర్వవిద్యార్థులు బడికి ఒక డి.ఎస్.ఎల్.ఆర్. కెమెరా కొనిచ్చారు. అంత ఖరీదైన వస్తువు పిల్లల చేతిలో పెడితే పడేస్తారేమోనని నాకు భయం. తోలుసంచీలో పెట్టి బీరువాలో తాళం వేశాను. పదో తరగతి కుర్రవాడొకడు మూడుసార్లు వచ్చి, "ఒక్కసారి చూస్తాను సార్" అని అడిగాడు. "పరీక్షలు కానీ, చూద్దాం" అన్నాను. పరీక్షలయ్యాయి. వాడు బడి వదిలి వెళ్ళిపోయాడు.

రెండు వర్షాకాలాలు గడిచిన తరువాత ఒక ఆగస్టులో బీరువా తెరిచాను. లెన్సు లోపల సాలెగూడు దారాల వంటి తెల్లని బూజు! చీకటి, చెమ్మ, కదలని గాలి ఉంటే బూజు గాజును కూడా వదలదు. బాగుచేసేవాడు చూసి, "వాడుతూ ఉంటే ఇంత అయ్యేది కాదండీ" అన్నాడు. ఎవరైనా పడేస్తారని దాచిన కెమెరాను నేనే పాడుచేశాను. లెన్సు పోయినందుకు కాదు, ఆ కుర్రవాడి చేతికి ఒక్కసారైనా ఇవ్వనందుకు ఇప్పటికీ బాధపడుతూ ఉంటాను.

ఇక జవాబు

అమ్మాయీ! పక్షులకు కావలసింది దూరాన్ని దగ్గర చేసే లెన్సు. కొత్త కెమెరాతో వచ్చే చిన్న లెన్సుతో చెరువు నడుమ కొంగను తీస్తే అది మల్లెమొగ్గంత వస్తుంది. నీకిస్తామన్న పాత కెమెరాకున్న రెండో లెన్సు 55–250 రకందైతే, నీ పనికి అదే మేలు. గూటి మీద కూర్చున్న పక్షికి తొమ్మిది చుక్కలు చాలు. ఎగిరే పక్షిని పట్టడం కష్టమవుతుంది. అయినా పదింట ఒకటి కుదిరిననాడు నీ సంతోషం చూడాలి!

అయితే నాన్నగారిని దగ్గరుంచుకొని నాలుగు పరీక్షలు చెయ్యి. లెన్సు ఊడదీసి, ఒకవైపునుంచి టార్చి వేసి, రెండోవైపునుంచి ఏటవాలుగా చూడు. బూజు దారాలుంటే వద్దు. లెన్సు రంధ్రాన్ని బాగా చిన్నది చేసి తెల్లకాగితాన్ని ఫోటో తియ్యి. గీతలూ మచ్చలూ ఉంటే సెన్సరు సంగతి అడుగు. ఇప్పటికి ఎన్ని ఫోటోలు తీసిందో తెలుసుకో. బ్యాటరీ పూర్తిగా ఛార్జి చేసి, ఎంతసేపు నిలుస్తుందో చూడు. ఈ నాలుగూ నెగ్గితే, నాన్నగారి డబ్బు నీళ్ళలో పోయదు. మిగిలిన డబ్బు చీటీకి కట్టమను. నెగ్గకపోతే మొహమాటపడకుండా వద్దని చెప్పి, కొత్త అద్దంలేనిదే తీసుకోండి. పెద్ద లెన్సు మరుసటి ఏడు చూసుకోవచ్చు.

ఇక తక్కిన పిల్లలకు: ఇంట్లో పసిపిల్లలనూ, ఆటలనూ, వీడియోలనూ తీయాలనుకునేవారు, రెండూ కొత్తగా కొనగల స్తోమత ఉన్నవారు, అద్దంలేనిదే కొనవచ్చు. కంపెనీల ముందు దారి కూడా అదే. ఏది కొన్నా గాలి చొరని డబ్బాలో సిలికాజెల్ పొట్లాలు వేసి దాచండి. వారానికొకసారైనా బయటికి తీసి నాలుగు ఫోటోలు తీయండి. తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే: కొన్న తరువాత బీరువాలో పెట్టకండి.

మీకొక చిన్న లెక్క ఇస్తున్నాను. మీ భూతద్దం బొమ్మ పడే దూరం 20 సెంటీమీటర్లు. అద్దం నడిమినుంచి పైకాగితానికి 6 సెంటీమీటర్లు. మరి భూతద్దానికి ఎంత దూరంలో అద్దం నిలబెట్టాలి? పెట్టె చేసి చూసి, జవాబు వ్రాయండి.

మీ మేష్టారు