ఉచితమంటే ఎవరిదీ కాదని కాదు

రెజ్యూమేలో గిట్‌హబ్ లింకు పెట్టారా? మంచిదే. మరి ఆ ప్రాజెక్టులో లైసెన్స్ ఫైలు ఉందా? నల్లజర్లలో బస్సెక్కి తాడేపల్లిగూడెం, ఏలూరు కాలేజీలకు వెళ్లే మీరు ఇంటర్వ్యూకి ముందే ఈ ప్రశ్న వేసుకోవాలి.

కౌలు సంగతి మనకు కొత్త కాదు. పొలం సాగు చేసుకుంటాం, అంతమాత్రాన అది మనదైపోదు. ఓపెన్ సోర్స్ కూడా అంతే. డబ్బు కట్టక్కర్లేదు గానీ, షరతులు ఉంటాయి.

1957 నాటి మన కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రామును సాహిత్య రచనగానే లెక్కిస్తుంది. రాయగానే హక్కు వచ్చేస్తుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కాబట్టి లైసెన్స్ లేని కోడ్ నెట్‌లో కనిపిస్తే, అది అందరిదీ అని కాదు. హక్కులన్నీ రాసినవారివే అని అర్థం. చాలామంది దీన్ని తిరగేసి అనుకుంటారు.

లైసెన్సులూ అన్నీ ఒకటి కావు. ఎంఐటీ లైసెన్స్ ఉన్న కోడ్‌ను వాడుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. రాసినవారి కాపీరైట్ నోటీసు, లైసెన్స్ పాఠం మాత్రం తీసేయకూడదు. జీపీఎల్ కోడ్‌ను మార్చి ఇతరులకు పంపిణీ చేస్తే, మీ సోర్స్ కోడ్ కూడా అదే లైసెన్స్‌తో ఇవ్వాలి. చూసుకోకుండా దాన్ని కంపెనీ ఉత్పత్తిలో కలిపారో, చిక్కు మీ ఒక్కరితో పోదు.

దీనివల్ల మేలేమిటో మన తెలుగు ఫాంట్లే చెబుతాయి. మండలి, రామభద్ర, ఎన్టీఆర్ వంటి ఫాంట్లను సిలికానాంధ్ర ఎస్ఐఎల్ ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద అందించింది. ఇప్పుడవి గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నాయి. వాటిలోని ఇంగ్లిష్ అక్షరాలు అప్పటికే ఓపెన్ లైసెన్స్‌తో ఉన్న వేరే ఫాంట్లవి. ఎక్కడివారో షరతులు స్పష్టంగా రాసి వదిలారు కాబట్టే, మనవాళ్లు నిశ్చింతగా వాటి పక్కన తెలుగు చేర్చగలిగారు. రేపు మీ యాప్‌లో ఆ ఫాంటు పెట్టి యాప్ అమ్ముకోవచ్చు. ఫాంటును మాత్రం విడిగా అమ్మకూడదు.

షరతులు మీరితే ఎవరడుగుతారంటారా? రైలు బొమ్మలు నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్ మీద అమెరికాలో కేసు నడిచింది. జాకబ్సన్, కాట్జర్ల ఆ వివాదంలో, ఓపెన్ సోర్స్ షరతులు మీరితే కాపీరైట్ ఉల్లంఘన కావచ్చని 2008లో ఫెడరల్ అప్పీళ్ల కోర్టు తేల్చింది.

'నేర్చుకునేటప్పుడు కాపీ కొట్టకపోతే ఎలా?' అంటారు. నేర్చుకోండి, విప్పి చూడండి, తప్పులేదు. మీ పేరుతో బయటపెట్టేటప్పుడు ఎవరి దగ్గర తీసుకున్నారో దాచడమే తప్పు. డబ్బిచ్చి కొనుక్కొచ్చిన ఫైనలియర్ ప్రాజెక్టుతో వచ్చే చిక్కు అదే. అందులో కోడ్ ఎవరిదో అమ్మినవాడికే తెలియకపోవచ్చు. 'ఇందులో మీరు రాసింది ఏది?' అని ఇంటర్వ్యూలో అడిగితే ఏం చెబుతారు?

తప్పు విద్యార్థిదే అనను. వాడిన లైబ్రరీలు, రాసినవారు, లైసెన్సులు ఒక పేజీలో రాయమని ప్రతి కాలేజీ ప్రాజెక్టు రిపోర్టులో అడగాలి. కాలేజీ అడగకపోయినా మీరు రాయండి. ఉద్యోగంలో చేరాక ఇంకో సంగతి: వేరే ఒప్పందం లేకపోతే, ఉద్యోగంలో భాగంగా రాసిన కోడ్ యజమానిది. సొంత ప్రాజెక్టుల గురించి ఆఫర్ లెటర్‌లో ఏముందో సంతకానికి ముందే చదవండి.

ఈ రాత్రికి ఒక్క పని చేయండి. మీ ప్రాజెక్టు తెరిచి, అందులో ఎవరెవరి కోడ్ ఉందో రాసుకోండి. ఆ షరతులకు కుదిరే లైసెన్స్ పెట్టండి. ఆ తర్వాత లింకు పంపండి.